వ్యూహక్రీడలలో దాగిన సంఘటనలు

తెలుగులో సినిమా ప్రదర్శనకును 'ఆట' అనియే పేరు. జూబిలీహిల్స్, ఫిలింనగరు ప్రాంతములలో తయారగు చిత్రము విడుదలయిన పిమ్మట మొదటి ఆటలో ఏ ముగింపు ఉన్నదో రెండవ ఆటలోను అదే ఉండును. 'బాహుబలి' చిత్రములో కాలకేయులతో యుద్ధమును ఎన్నిసార్లు చూచినను ఫలితము ఒకటే. ఆ కథాలోకముతోనే 2017లో మూన్‌ఫ్రాగ్ సంస్థ ఒక వ్యూహక్రీడను వెలువరించినది. ఆటగా మారగానే ఫలితము ఆడువాని ఏర్పాట్లను బట్టి మారును. అది వంతులవారీ ఆట కాదు. వంతులవారీగా సాగు క్రీడలలో ఈ మార్పు మరింత స్పష్టము: ఒకనికి అరుదైన విద్య చేజిక్కును, మరియొకనికి దాని జాడయే తెలియదు. దీనికి కారణమేమి?

కంటికి కనిపించని స్థితి

మనకు చిరపరిచితమైన చదరంగమునే తీసికొందము. అందు రాజు 'కోట కట్టుట'కు కొన్ని నిబంధనలు కలవు. రాజుగాని, ఆ వైపు ఏనుగుగాని అంతకుముందు కదలియుండరాదు. నడుమ పావులుండరాదు. రాజున్న గడిపైనను, దాటు గడిపైనను, చేరు గడిపైనను శత్రువు దాడి ఉండరాదు. రాజు ఒక గడి జరిగి, మరల స్వస్థానమునకు వచ్చెననుకొనుడు. బల్ల మునుపటివలెనే కనిపించును. కాని కోట కట్టు హక్కు శాశ్వతముగా పోయినది. అనగా ఆట స్థితిలో కనిపించు పావులే కాక, జరిగిన చరిత్రయు ఇమిడి ఉన్నది.

గణకయంత్రము ఈ చరిత్రను చిన్న గుర్తులుగా దాచుకొనును. 'అయినది' అనుటకు 1, 'కాలేదు' అనుటకు 0. వంతు మారినపుడు ఆ గుర్తులను పరిశీలించును. కావలసినవన్నియు 1 అయినచో సంఘటన జరుగును. ఒక్కటి 0 అయినను జరుగదు. 1854లో జార్జి బూల్ తన గ్రంథమున వివరించిన తర్కగణితమే దీనికి మూలము.

విద్యల వృక్షము

1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన 'సివిలిజేషన్' ఆటలో విద్యలు ఒకదానిపై ఒకటి ఆధారపడును. వర్ణమాల తెలిసినగాని వ్రాత రాదు, ధర్మశాస్త్రము రాదు. ఈ రెండును కలిసినగాని అక్షరాస్యత రాదు. 1999 నాటి 'ఆల్ఫా సెంటారీ'లో తెరవెనుక పరిశోధన అను ఏర్పాటు ఉన్నది. అందు ఆటగాడు దిశను మాత్రమే ఎన్నుకొనును. రాబోవు విద్య యేదో ముందుగా తెలియదు. 2016లో వచ్చిన ఆరవ 'సివిలిజేషన్'లో అనుభవము విద్యకు తోడ్పడును. వడిసెల పట్టిన యోధుడు ఒక శత్రుదళమును కూల్చినచో ధనుర్విద్య త్వరగా అబ్బును. సముద్రతీరమున నగరము నిర్మించినచో నౌకాయానము త్వరగా అబ్బును.

యాదృచ్ఛికత తెచ్చు భ్రమ

కొన్ని సంఘటనలు నిబంధనలతోపాటు పాచికల వంటి సంఖ్యలపైనను ఆధారపడును. యంత్రము ఈ సంఖ్యలను ఒక 'బీజసంఖ్య' నుండి లెక్కకట్టి వరుసగా తీయును. 2005 నాటి నాల్గవ 'సివిలిజేషన్'లో సాధారణముగా ఈ బీజము సేవ్ చేసిన ఆటతోపాటే భద్రమగును. కనుక అదే స్థితినుండి అదే దాడి చేసినచో అదే ఫలితము వచ్చును. ఇప్పుడు ఆటగాడు ముందు వేరొక చోట చిన్న దాడి చేసి, తరువాత పెద్ద దాడి చేసి గెలిచెననుకొందము. 'చిన్న దాడియే విజయ రహస్యము' అని అతడు నమ్మును. నిజమునకు చిన్న దాడి వరుసలోని ఒక సంఖ్యను ఖర్చు చేసినది. పెద్ద దాడికి తరువాతి సంఖ్య అందినది, అంతే.

1948లో బి. ఎఫ్. స్కిన్నర్ ఆకలిగొన్న 8 పావురములకు, అవి ఏమి చేసినను చేయకున్నను, నియమిత కాలమునకు గింజలు అందించెను. వానిలో 6 పావురములు గుండ్రముగా తిరుగుట, తల ఊపుట వంటి చేష్టలను అలవరచుకొన్నవి. చేష్టలవలననే గింజలు వచ్చుచున్నవని అవి భ్రమించినట్లున్నదని ఆయన భావించెను. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ ఈ వ్యాఖ్యానమును ప్రశ్నించిరి. ఐనను వెంట వచ్చినదెల్ల కారణము వలన వచ్చినది కాదను హెచ్చరిక నిలిచియే ఉన్నది.

రహస్యమును కనుగొనుట ఎట్లు?

ఆటను ఒక చోట సేవ్ చేయవలెను. అక్కడనుండి ఒకే ఒక్క అంశమును మార్చి ఆడవలెను. వేర్వేరు బీజములతో పలుమార్లు పరీక్షింపవలెను. జరిగినవానితోపాటు జరుగనివానిని కూడ వ్రాసికొనవలెను. నిబంధన నిజమైనచో అది తీరని ఏ పరీక్షలోను సంఘటన జరుగదు. నిబంధన లేనిచోట కూడ సంఘటన జరిగెనా, మన ఊహ తప్పు.

జీవితములో ఈ సౌకర్యము అరుదు. ఫిలింనగరులో చిత్రములు పూజతో, ముహూర్తముతో ఆరంభమగుట పరిపాటి. అది గౌరవింపదగిన ఆచారము. కాని ఒక చిత్రము శతదినోత్సవము చేసికొన్నపుడు అది ముహూర్తబలమా, కథాబలమా, సంగీతబలమా అని ఆ ఒక్క చిత్రమునుబట్టి తేల్చుట సాధ్యము కాదు. ఏలయన అదే చిత్రమును, అదే ప్రేక్షకులకు, వేరొక ముహూర్తముతో తొలిసారిగా మరల చూపలేము. వ్యూహక్రీడ మాత్రము అదే క్షణమునకు ఎన్నిసార్లయినను తిరిగి వెళ్లనిచ్చును. కారణమును భ్రమనుండి వేరుచేయు అభ్యాసమునకు విద్యార్థులు దీనిని చక్కని ప్రయోగశాలగా వాడుకొనవచ్చును.