వెలుగు దారిలో నీడ

దృశ్యకాంతి ప్రసారంలో సమాచారాన్ని పంపేది దీపమే: ఎల్‌ఈడీ వెలుగు కంటికి తెలియనంత వేగంగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటే, ఫోటోడయోడ్ అనే గ్రాహకం ఆ మార్పులను విద్యుత్తుగా మార్చగా, పరికరం వాటిని ఒకట్లుగా, సున్నాలుగా చదువుకుంటుంది. దీనికి 2011లోనే 802.15.7 అనే అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మొదలైన తొలి జిల్లాల్లో అనంతపురం ఒకటి కాబట్టి, ఆ జిల్లాలోని కళ్యాణదుర్గం వంటి ఊళ్లో దీపాలకు కొరత లేదు. తేలవలసినది ఆ వెలుగును ఎంతవరకు నమ్ముకోవచ్చుననేదే.

రేడియో తరంగాలు గోడలను కొంతమేర దాటిపోతాయి గానీ, వేర్వేరు దారుల్లో వచ్చినవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల సంకేతం ఊగిసలాడుతుంది. కాంతి తరంగదైర్ఘ్యం అర మైక్రోమీటరు మాత్రమే కావడంతో, అంతకు వేల రెట్లు వెడల్పైన ఫోటోడయోడ్ మీద అటువంటి ఒడుదొడుకులు సర్దుకుపోతాయి. ఇక్కడ అసలు శత్రువు నీడ. ఆసుపత్రి వార్డులో పైకప్పు దీపం నుంచి మంచం పక్కనున్న పరికరానికి సమాచారం అందుతున్నప్పుడు, పరామర్శకు వచ్చిన బంధువులు చుట్టూ మూగితే చాలు, దారి మూసుకుపోతుంది. దీపం కిందే ఫ్యాను ఉంటే, నిమిషానికి 300 సార్లు తిరిగే మూడు రెక్కలు సెకనుకు 15 సార్లు ఆ దారికి అడ్డుపడతాయి. ప్రయోగశాలలో వచ్చిన అంకెలను మన గదులకు అన్వయించేవారు ఈ ఫ్యానును మరవకూడదు.

దీనికి విరుగుడు రిలే, అంటే పైకప్పు వెలుగును అందుకుని మళ్లీ పంపే గోడ దీపమో టేబుల్ లైటో. నేరు దారి 10 శాతం సమయం మూసుకుపోతుందనీ, రిలే దారిలోని రెండు అంచెల్లో ఒక్కొక్కటీ అంతే మూసుకుపోతుందనీ అనుకుంటే, రెండు అంచెలూ కలిసి తెరిచి ఉండేది 81 శాతం సమయమే, అంటే విడిగా చూస్తే రిలే దారే బలహీనం. అయినా నేరు దారీ రిలే దారీ ఒకేసారి మూసుకుపోయే సమయం 1.9 శాతానికి దిగుతుంది. అయితే ఈ గుణకారం చెల్లేది ఒక దారి అడ్డంకికీ రెండో దారి అడ్డంకికీ సంబంధం లేనప్పుడే. రిలేను ప్రధాన దీపం వైపే బిగిస్తే ఒకే మనిషి నీడ రెండింటినీ కప్పేస్తుంది కనుక, దాని సామర్థ్యం కంటే దాన్ని ఎక్కడ బిగించారన్నదే ముఖ్యం.

అందిన సంకేతాన్ని ఉన్నదున్నట్టు పెంచి పంపే రిలే చవకైనదే గానీ, కిటికీ పక్కన ఉంటే అనంతపురం ఎండ కలిపిన రొదను కూడా పెంచి పంపుతుంది. సంకేతాన్ని పూర్తిగా చదివి తిరగరాసి పంపే రిలే ఆ రొదను వడగట్టినా, తాను తప్పుగా చదివితే ఆ తప్పునే స్పష్టంగా ముందుకు చేరవేస్తుంది. పైగా వినడం ఒకసారి, చెప్పడం మరోసారి అయితే రిలే దారి వేగం సగమవుతుంది.

ఆరుబయట కాంతి ప్రసారం రాష్ట్రానికి కొత్త కాదు: ఫైబర్ వేయడం కష్టమైన చోట్ల 2,000 కాంతి లంకెలు ఏర్పాటు చేసేందుకు ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ పనిచేస్తున్నట్టు 2017 డిసెంబరులో ప్రకటన వెలువడింది. అక్కడ పొగమంచుతో పేచీ, గదిలో మనుషులతో. కరెంటు పోతే మాత్రం ప్రధాన దీపం, రిలే రెండూ కలిసే ఆరిపోతాయి కనుక, ఆ రెండింటికీ ఇన్వర్టరు లైను లేని వార్డులో రిలేలు ఎన్ని పెంచినా ఆ ఒక్క లోపం తీరదు.