తేదీ తప్పిన లేఖలు

1746 సెప్టెంబరు 21వ తేదీన ఫ్రెంచివారు మద్రాసు కోటను స్వాధీనం చేసుకొన్నారు. అదే సంఘటనకు ఆంగ్లేయుల కాగితాలలో ఉన్న తేదీ సెప్టెంబరు 10. ఎవరూ అబద్ధం వ్రాయలేదు. పుదుచ్చేరి ఫ్రెంచివారిది గ్రెగోరియన్ కాలగణనం. ఆంగ్లేయులు 1752 వరకు పాత జూలియన్ పద్ధతినే పాటించారు. పదకొండు రోజుల అంతరం అక్కడ వచ్చినది. చరిత్రకారుడు దీనిని సరిచేయబూని పాత కాగితం మీది అంకెను కొట్టివేయడు. అది ఏ లెక్కదో పక్కన గుర్తు వేస్తాడు.

డూప్లే వద్ద దుబాసీగా ఉండి, 1736 నుంచి 1761 వరకు ఆనాటి విశేషాలను దినచర్యగా వ్రాసిన ఆనందరంగ పిళ్ళై పేరే కాలాపేటలోని పాండిచ్చేరి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పెట్టారు. ఆ విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడినది. పిళ్ళై కాలపు లేఖలు కాగితం మీదివి. నేటి సంస్థల లేఖలలో అధికభాగం ఈమెయిళ్ళు. తేదీల చిక్కు మాత్రం తొలగలేదు. ఒక కార్యాలయం తన మెయిల్ బాక్సులను పాత సర్వరు నుంచి క్రొత్త సర్వరుకు తరలిస్తుంది. మరునాడు తెరచి చూస్తే పదేళ్ళ ఉత్తరాలన్నీ నిన్ననే వచ్చినట్లు కనిపిస్తాయి! గడువు లోపల దరఖాస్తు పంపినవాడు ఆలస్యంగా పంపినవాడవుతాడు. ఏ ఉత్తరానికి ఏది జవాబో తెలియదు.

ఇది ఎట్లా జరుగుతుంది? తపాలా ఉత్తరాన్ని తలచుకొంటే సులభంగా బోధపడుతుంది. ఉత్తరం తలపై వ్రాసినవాడు వేసిన తేదీ ఒకటి. కవరుపై తపాలా కార్యాలయాల ముద్రలు రెండవవి. అందుకొన్న కార్యాలయపు ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కిన తేదీ మూడవది. ఈమెయిలుకూ ఈ మూడూ ఉన్నాయి. మొదటిది ‘డేట్’ అనే పంక్తి. దాని రూపాన్ని 1982లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 822 అనే ప్రమాణపత్రం నిర్ణయించినది. రెండవది ‘రిసీవ్‌డ్’ పంక్తులు. దారిలోని ప్రతి సర్వరూ ఒక పంక్తిని పైన చేర్చుతుంది గనుక అన్నిటికంటె పైనున్నది కడపటి మజిలీ. మూడవది ఉత్తరంలో ఎక్కడా ఉండదు. సర్వరు తన లెక్కలో విడిగా వ్రాసుకొంటుంది. దీనిని అంతర్గత తేదీ అంటారు.

తరలింపులో దెబ్బతినేది సాధారణంగా ఈ మూడవదే. మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఐమ్యాప్ విధానం నేటి రూపంలో, ఉత్తరాన్ని క్రొత్త పెట్టెలో వేసేటప్పుడు పాత తేదీని కూడా చెప్పవచ్చును. చెప్పకపోతే సర్వరు ఆ క్షణపు తేదీని వేసుకొంటుంది. తరలించే ప్రోగ్రాము ఆ ఒక్క మాట చెప్పడం మరచినదంటే వేలకొలది ఉత్తరాలు ఒకే రోజున పుట్టినట్లవుతాయి. తేదీ బొత్తిగా చదవలేని ఉత్తరాలు మన దేశంలో తరచు 1970 జనవరి 1, ఉదయం 5.30 గంటలకు వచ్చినట్లు కనిపించడం మరో వింత. కంప్యూటర్లు కాలాన్ని గ్రీనిచ్ లెక్కన ఆ అర్ధరాత్రి నుంచి సెకనులుగా లెక్కిస్తాయి; సున్నాకు మన గడియారం చూపే వేళ అది.

ఈ అయిదున్నర గంటలూ కొన్నిసార్లు చేటు తెస్తాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ సమీపంగా, అనగా పుదుచ్చేరికే చెందిన యానాముకు ఎంతో దూరం లేకుండా పోతుంది. ఏప్రిల్ 1వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు చేరిన ఉత్తరాన్ని గ్రీనిచ్ కాలంలో చూపితే అది మార్చి 31 అవుతుంది. ఆర్థిక సంవత్సరమే మారిపోయినది!

దిద్దుబాటు కష్టం కాదు, ఓర్పు కావాలి. ఐమ్యాప్‌లో ఒకసారి పడిన అంతర్గత తేదీని మార్చే ఆజ్ఞ లేదు. సరియైన తేదీతో మరొక ప్రతిని వేసి, సరిచూచిన పిమ్మట తప్పు ప్రతిని తీసివేయవలెను. ఒక్కొక్క ఉత్తరాన్ని ఒక్కొక్క ఫైలుగా దాచే మెయిల్‌డిర్ పద్ధతిలో పని ఇంకా తేలిక. అక్కడ పలు సర్వర్లు ఫైలు కాలాన్నే అందిన తేదీగా గ్రహిస్తాయి. ఫైలు పేరు మొదట ఉండే సంఖ్య అది చేరిన క్షణపు సెకనుల లెక్క. పేరు చెడకుండా ఉంటే పోయిన తేదీ అందులోనే దొరుకుతుంది.

ఏ తేదీని నమ్మాలి అన్నది అసలు ప్రశ్న. ‘డేట్’ పంక్తిని నమ్మడం సుళువు. కాని అది పంపినవాని గడియారం చెప్పిన మాట. ఆ గడియారం తప్పుగా ఉండవచ్చును, కావాలని తప్పించనూ వచ్చును. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షను, ఉభయులు వేరుగా ఒప్పుకొననిచో, స్వీకర్త నిర్దేశించిన కంప్యూటరులో లేఖ ప్రవేశించిన క్షణాన్నే అందిన సమయంగా గ్రహిస్తుంది. అందువలన పాత సర్వరు వేసిన ‘రిసీవ్‌డ్’ పంక్తియే మేలైన ఆధారం. తరలింపులో క్రొత్త సర్వరు తన ముద్రను పైన చేర్చి ఉంటే దానిని వదలి, దాని క్రిందిదానిని తీసుకోవలెను.

కొందరు తొందరపడి ఉత్తరంలోని ‘డేట్’ పంక్తినే తిరగవ్రాస్తారు. ఇంతకంటె అపాయం లేదు. పంపిన సంస్థ వేసిన డిజిటల్ సంతకం సాధారణంగా ఆ పంక్తిని కూడా కాపాడుతుంది. ఒక్క అంకె మారినా సంతకం చెల్లదు. రేపు వ్యాజ్యం వస్తే నిజమైన ఉత్తరమే కల్పితమని అనుమానింపబడుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే ధ్రువపత్రంలో దాని హాష్ విలువను కూడా అడుగుతున్నది. కనుక దిద్దుబాటుకు ముందే పాత పెట్టె యథాతథ ప్రతిని ఒకటి విడిగా దాచి, ఏ ఉత్తరపు తేదీని ఏ పంక్తిని చూచి నిర్ణయించినదీ ఒక పట్టికలో వ్రాసిపెట్టవలసి ఉంటుంది. ఏ ఆధారమూ దొరకని ఉత్తరాలకు తేదీ ఊహించి వేయరాదు. వాటిని వేరొక ఫోల్డరులో ఉంచి, పాత సర్వరు లాగ్‌లలో వెదకవలెను. ఆ లాగ్‌లు ఎల్లకాలం నిలువవు. పాత యంత్రాన్ని కట్టివేయకముందే ఆ పని జరగాలి.