పాత ఇంజను భాగములు: అమ్మకమునకు ముందు కొలత

ఒక యంత్రము పనికిరాకుండ పోయినదన్నచో దానిలోని భాగములన్నియు పాడైనవని అర్థము కాదు. ఇల్లు కూలినను దానిలోని దూలములు, ద్వారబంధములు మరియొక ఇంటికి పనికివచ్చుట అందరు ఎరిగినదే. మోటారుకారు విషయము కూడ ఇట్టిదే. తుప్పుచేతనో, ప్రమాదముచేతనో కారు రూపుచెడినను దాని ఇంజనులో మంచి భాగములు మిగిలియుండవచ్చును. అట్టి కార్లను విప్పి, భాగములను వేరుచేసి, అవసరమున్నవారికి అమ్ముట అనేక దేశములలో ఒక వృత్తిగా సాగుచున్నది.

దూలమును కంటితో చూచి, వ్రేళ్లతో తట్టి కొనవచ్చును. ఇంజను భాగము సంగతి వేరు. అద్దమువలె మెరయుచున్న ఉక్కులో తలవెంట్రుకకన్న సన్నని పగులు దాగియుండవచ్చును. అది ఇంజను వేగముగా తిరుగుచున్నపుడు తెగినచో కారునకే కాక అందున్నవారికిని అపాయము. కావున వాడిన భాగము మంచిదని అమ్మువాడు ఎట్లు తెలిసికొనును? కొనువాడు ఎట్లు నమ్మును? ఈ ప్రశ్నలకు సమాధానము భౌతికశాస్త్రములో కలదు.

ఒక ప్రసిద్ధమైన ఇంజను

ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున జాగ్వార్ సంస్థ తయారుచేసిన ఎక్స్.కె. ఇంజనును ఉదాహరణముగా తీసికొందము. ఇది 1948లో లండను మోటారు ప్రదర్శనలో ఎక్స్.కె. 120 అను స్పోర్ట్స్ కారుతోపాటు లోకమునకు పరిచయమైనది. దీనిలో వరుసగా 6 సిలిండరులు, వానికి ఆధారముగా పోత ఇనుప బ్లాకు, పైన అల్యూమినియపు మిశ్రలోహముతో పోసిన హెడ్డు కలవు. 1961లో జెనీవాలో ప్రదర్శింపబడిన ఇ-టైపు అను అందమైన స్పోర్ట్స్ కారులో దీని 3.8 లీటర్ల రూపమును, 1964 నుండి 4.2 లీటర్ల రూపమును అమర్చిరి.

ఇ-టైపు కార్ల తయారీ 1974లో ముగిసినది. కాని ఈ ఇంజనును ఆ సంస్థ స్పోర్ట్స్ కార్లకే పరిమితము చేయలేదు. నాలుగు తలుపుల కుటుంబపు కార్లలోను, చివరకు 1992 వరకు డైమ్లర్ లిమోసీనులోను ఇదే జాతి ఇంజను వాడబడినది. అందుచేత ఇంజను బాగుగా ఉండి, ఒడలు తుప్పుపట్టి విప్పివేయబడిన కుటుంబపు కార్లనుండి ఇప్పటికిని భాగములు లభించుచున్నవి. స్పోర్ట్స్ కార్లను ప్రాణముగా చూచుకొను యజమానులు వానిని కొనుచుందురు.

భాగముపై భారమెంత?

3.8 లీటర్ల ఇంజనులో సిలిండరు వ్యాసము 87 మి.మీ., పిస్టను ఒకవైపు కదలు దూరము 106 మి.మీ. విద్యార్థులు ఈ అంకెలతో ఆరు సిలిండరుల ఘనపరిమాణమును గుణించి చూచినచో 3,781 ఘన సెంటీమీటర్లు వచ్చును.

ఈ ఇంజను నిమిషమునకు 5,500 మారులు తిరుగునపుడు ఒక్కొక్క పిస్టను నిమిషమునకు 11,000 మారులు ఆగి దిశ మార్చుకొనును. క్రాంకు వ్యాసార్ధము 53 మి.మీ. కావున, వృత్తాకార చలనపు సూత్రము ననుసరించి లెక్కించినచో పిస్టను త్వరణము గురుత్వ త్వరణమునకు సుమారు 1,800 రెట్లుండును. కనెక్టింగు రాడ్డు పొడవు పరిమితమైనదగుటచే పైకొనయందు ఇది ఇంకను హెచ్చును. పిస్టను, దానితో కదలు భాగములు కలిసి అర కిలోగ్రాము అనుకొన్నను, వానిని నిలిపి వెనుకకు లాగుటకు 900 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము కావలయును. ఈ బలము కనెక్టింగు రాడ్డుపైనను, క్రాంకు షాఫ్టుపైనను ప్రతి క్షణమును పడుచు తొలగుచుండును. వాడిన భాగమును పరీక్షింపక అమ్మరాదనుటకు ఈ ఒక్క లెక్క చాలును.

అరుగుదలను కొలుచుట

మొదట చూడవలసినది అరుగుదల. క్రాంకు షాఫ్టు 7 ప్రధాన బేరింగులలో తిరుగును. అక్కడ దాని వ్యాసము కొత్తగా ఉన్నపుడు 2.75 అంగుళములు, అనగా 69.85 మి.మీ. షాఫ్టునకు, బేరింగునకు నడుమ ఉండు సందు ఒక వెంట్రుక మందమంత మాత్రమే. ఆ సందులో నూనె పొర నిలిచి రెండు లోహములను తాకనీయకుండ కాపాడును. సందు పెరిగినచో నూనె జారిపోవును, పొర తెగును, బేరింగు చెడును.

వ్యాసమును ఒకేచోట కొలిచిన ప్రయోజనము లేదు. బలము ఎక్కువగా ఒకవైపుననే పడుచుండుటచే గుండ్రని భాగము క్రమముగా కోడిగ్రుడ్డు ఆకారమునకు తిరుగును. కావున మైక్రోమీటరుతో ఒకదానికొకటి లంబముగా రెండు దిశలలోను, రెండు కొనలయందును కొలువవలెను. అరిగిన షాఫ్టును సానబట్టి, అంగుళములో వెయ్యింట పది వంతుల చొప్పున సన్నము చేసి, అందుకు తగిన మందపు బేరింగులను అమర్చవచ్చును. అయితే సానకును హద్దు కలదు. ఇదివరకే ఎన్నిమారులు సానబట్టబడినదో అమ్మువాడు చెప్పితీరవలెను.

ఇక్కడ ఒక మెలకువ కలదు. ఉక్కు ఒక్కొక్క డిగ్రీ వేడికి కొద్దిగా వ్యాకోచించును. యంత్రభాగముల కొలతలకు 20 డిగ్రీల సెంటీగ్రేడు ప్రమాణముగా నిర్ణయింపబడినది. వేడినీటితో అప్పుడే కడిగిన షాఫ్టు 60 డిగ్రీల వేడిలో ఉన్నదనుకొందము. 70 మి.మీ. వ్యాసము ఈ 40 డిగ్రీల తేడాకు సుమారు 0.03 మి.మీ. పెరుగును. అంత అరిగిన షాఫ్టు సైతము ఆ సమయమున కొత్తదిగా కొలతకు వచ్చును! కావున భాగము చల్లారువరకు ఓపిక పట్టవలెను.

సిలిండరుల అరుగుదల మరియొక రీతిగా ఉండును. పిస్టను పైకొనకు చేరునపుడు వాయుపీడనము హెచ్చు, నూనె తక్కువ. కావున పై రింగు తిరిగివచ్చు చోట సిలిండరు ఎక్కువగా అరిగి, దానిపైన అరగని చిన్న గట్టు మిగులును. గోటితో తడిమినచో ఆ గట్టు తెలియును. ఎంత అరిగినదో తెలుపుటకు మాత్రము డయలు గేజి కావలెను.

కంటికి కనబడని పగులు

1842లో ఫ్రాన్సులో వెర్సైల్ నుండి పారిస్‌కు వచ్చుచున్న రైలుయొక్క ఇంజను ఇరుసు విరిగి ఘోరప్రమాదము జరిగినది. భరింపగల బరువుకంటె తక్కువ బరువునకే ఇరుసులు విరుగుట ఇంజనీర్లకు ఆశ్చర్యము కలిగించినది. తరువాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై అనేక ప్రయోగములు చేసి, ఒక్కసారి పడిన బలమునకు తెగని లోహము అదే బలము లక్షలకొలది మారులు పడుచు తొలగుచున్నపుడు తెగునని నిరూపించెను. దీనిని లోహపు అలసట అందురు.

అలసటవలని పగులు సాధారణముగా ఆకారము హఠాత్తుగా మారుచోట పుట్టును. క్రాంకు షాఫ్టులో గుండ్రని భాగము పక్కపలకతో కలియు మూల, నూనె రంధ్రపు అంచు ఇట్టి చోట్లు. పగులు ఏండ్లకొలది మెల్లగా ప్రాకి, మిగిలిన లోహము చాలనపుడు ఒక్కపెట్టున తెగును.

దీనిని కనిపెట్టుటకు షాఫ్టును అయస్కాంతముగా మార్చి, దానిపై సన్నని ఇనుప పొడి కలిపిన ద్రవమును పోయుదురు. పగులు లేనిచోట అయస్కాంత బలరేఖలు లోహములోనే సాగిపోవును. పగులుచోట అవి వెలికి పొంగును. ఇనుప పొడి అక్కడ చేరి సన్నని గీతవలె కనబడును. బలరేఖలకు అడ్డముగా ఉన్న పగులు మాత్రమే ఇట్లు స్పష్టముగా తెలియును. కావున పరీక్షను రెండు దిశలలో చేయవలెను. పిదప షాఫ్టునుండి అయస్కాంతత్వమును పూర్తిగా తొలగింపవలెను. లేనిచో అది నూనెలోని ఇనుప రజనును ఆకర్షించి తన్ను తానే అరగదీసికొనును.

అల్యూమినియపు హెడ్డు

అల్యూమినియమునకు ఈ పరీక్ష పనికిరాదు, ఏలయన అయస్కాంతము దానిని లక్ష్యపెట్టదు. హెడ్డుపై రంగుద్రవమును పూసి, కొంతసేపు ఉంచి, తుడిచి, తెల్లని పొడి చల్లుదురు. పగులులో దిగిన రంగు కేశాకర్షణముచే పొడిలోనికి ఎగబ్రాకి ఎర్రని గీతగా కనబడును. లోపలి నీటిదారులలోని పగుళ్లకు వేరొక ఉపాయము కలదు. దారులన్నిటిని మూసి, గాలిని ఒత్తిడితో నింపి, హెడ్డును వేడినీటిలో ముంచుదురు. బుడగలు వచ్చిన చోటనే పగులు.

ఈ హెడ్డులో వాల్వులను నడుపు టాపెట్లు ఇనుప తొడుగులలో కదలుచుండును. ఆ తొడుగులను అల్యూమినియములో బిగించిరి. ఒక్క డిగ్రీ వేడికి ఇనుముకంటె అల్యూమినియము సుమారు రెండింతలు వ్యాకోచించును. 40 మి.మీ. వ్యాసము గల తొడుగు 80 డిగ్రీలు వేడెక్కినపుడు, దానికంటె దాని చుట్టునున్న రంధ్రము సుమారు 0.04 మి.మీ. ఎక్కువగా పెరుగును. మొదటి బిగింపు చాలనిచో తొడుగు వదులై పైకి లేచి తిరుగుచున్న క్యాము షాఫ్టునకు తగులును. ఇది ఈ జాతి ఇంజనులలో ఎరిగిన లోపమే. తొడుగులు లేవకుండ పట్టు బిళ్లలను కొందరు అమర్చుదురు. హెడ్డును అమ్మువాడు తొడుగుల బిగింపును చూచి చెప్పవలెను.

నీరు లేక అతిగా కాగిన హెడ్డు వంగును. నిటారైన ఉక్కుబద్దను దానిపై నిలిపి, పలుచని రేకులను సందులో దూర్చి ఆ వంపును కొలుతురు. అంతేకాక అతివేడికి మిశ్రలోహము మెత్తబడును. వంపును యంత్రముతో చదును చేయవచ్చును కాని, పోయిన గట్టితనము చదునుచేసినంత మాత్రమున తిరిగిరాదు. కావున గట్టితనమును కూడ పరీక్షింపవలెను.

జంటలను విడదీయరాదు

కొన్ని భాగములు విడిగా ఎంత బాగున్నను జంట తప్పినచో వ్యర్థములగును. కనెక్టింగు రాడ్డును, దాని మూతను కలిపి ఒకేసారి తొలిచి గుండ్రని రంధ్రము చేయుదురు. ఒకదాని మూతను మరియొకదానికి బిగించినచో ఆ రంధ్రము గుండ్రముగా ఉండదు. అందుకే రెండింటిపైనను ఒకే అంకెను ముద్రింతురు. బ్లాకు, దాని ప్రధాన బేరింగు మూతలు కూడ ఇట్టివే. ఎస్.యు. కార్బ్యురెటరులోని పిస్టను, దాని పైగిన్నె సైతము ఒకదాని కొకటి సరిపడునట్లు తయారైనవి. తొందరపడి విప్పి అన్నిటిని ఒకే పెట్టెలో పోసినవాడు మంచి సరకును తుక్కుగా మార్చినవాడగును.

బేరింగు రేకులు, పిస్టను రింగులు, గాస్కెట్లు, కనెక్టింగు రాడ్డు బోల్టులు మొదలగువానిని మాత్రము వాడినవి అమ్మరాదు, కొనరాదు. వీని వెల స్వల్పము, వీని వైఫల్యమువలని నష్టము అపారము.

అంకెల సాక్ష్యము

ఇ-టైపు ఇంజను సంఖ్యను బ్లాకుపైనను, హెడ్డుపైనను ముద్రించిరి. 3.8 లీటర్ల ఇంజను సంఖ్య ఆర్ అక్షరముతోను, తొలి 4.2 లీటర్ల ఇంజనుల సంఖ్య 7ఇ గుర్తుతోను ఆరంభమగును. చివరనున్న 8 లేక 9 సంపీడన నిష్పత్తిని తెలుపును. కారునకు బిగించిన పలకపై కూడ ఇంజను సంఖ్య ఉండును. కుటుంబపు కారు బ్లాకును ఇ-టైపు బ్లాకని చెప్పి అమ్ముట, సంఖ్యను చెక్కివేసి వేరొకటి కొట్టుట వంచన. కుటుంబపు కారు భాగమును ఉన్నదున్నట్లు చెప్పి అమ్ముటలో దోషము లేదు. అట్టి భాగములవలననే పెక్కు స్పోర్ట్స్ కార్లు నేటికిని నడచుచున్నవి. ఒక్కొక్కప్పుడు విడిగా దొరికిన బ్లాకు ఏనాడో తన కారునుండి వేరైనదని సంఖ్యనుబట్టి తెలియును. ఆ కారు యజమానికి దాని విలువ ఇంతింత కాదు.

కావున అమ్ముభాగమునకు కట్టు చీటిలో ఏ కారునుండి తీయబడినది, సంఖ్య ఏది, ఏ చోట ఎంత కొలత వచ్చినది, ఏ పరీక్ష జరిగినది, ఏది జరుగలేదు అను విషయములు ఉండవలెను. “బాగున్నది” అను మాట కొలత కాదు. పగులు పరీక్ష జరుగనిచో జరుగలేదని వ్రాయుటయే సరియైన వర్తకము.

పాఠశాలలో

దీనికి గొప్ప కర్మాగారము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలోని స్క్రూగేజి మిల్లీమీటరులో నూరవ వంతును చూపును. ఉపాధ్యాయులు సైకిలు ఇరుసువంటి వాడిన గుండ్రని కడ్డీని తెచ్చి, అరిగిన చోటను, అరగని చోటను, రెండు దిశలలో విద్యార్థులచే కొలిపింపవచ్చును. ఒక ఉక్కు పలకపై రంపముతో చిన్న గాటు పెట్టి, దానిని అయస్కాంతముగా చేసి ఇనుప రజను చల్లినచో గాటువద్ద రజను చేరుట కనబడును. ఒకే కడ్డీని పదిమంది కొలిచి, తమ అంకెలను ఒకరికొకరు చూపకుండ వ్రాసి, పిదప పోల్చినచో మరియొక పాఠము తెలియును. ఏ కొలతయైనను ఎంతవరకు నమ్మదగినదో ఎరిగి చెప్పినపుడే అది సత్యమగును.