స్వంత లారీ: కంపెనీ క్రిందనా, స్వంత పర్మిట్టు మీదనా?



ఏన్కూరు ప్రాంతమున పొలము గట్టు తగవుల తరువాత పెద్దల యెదుటకు వచ్చు తగవులలో లారీ తగవు నేడు ఒకటి యైనది. కొడుకు పరుల బండి మీద డ్రైవరుగా పదియేండ్లు పని చేసి స్వంత బండి కొందునని పట్టుపట్టును. తండ్రి రెండెకరములు తాకట్టు పెట్టును. బండి ఇంటి ముందర నిలిచిన నాడు కొబ్బరికాయ కొట్టుదురు, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుదురు. మరునాడు పుట్టు ప్రశ్నయే నేటి నా ప్రసంగ విషయము. ఆ బండిని ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకో గుత్తేదారునకో కట్టిపెట్టి నడుపుట మేలా, స్వంత పర్మిట్టుతో తానే సరుకు వెదకుకొని నడుపుట మేలా?

ఈ ప్రశ్నలో రెండు వేరు సంగతులు కలిసియున్నవి. పర్మిట్టు అనునది రవాణా శాఖ వారు ఇచ్చు అనుమతి. పని అనునది వర్తకుడో కంపెనీయో ఇచ్చు సరుకు. పర్మిట్టు తన పేరనే యుంచుకొని పని మాత్రము కంపెనీ వద్ద చేయవచ్చును. ఈ సంగతి తెలియక, కంపెనీకి బండి పెట్టుట యనగా కాగితములన్నియు వారి చేతిలో పెట్టుటయే యని తలచి చెడినవారిని నేనెరుగుదును.

దీనికి మూలము పాత కాలపు అలవాటు. 1939 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద పర్మిట్టు దొరకుట దుర్లభముగా నుండెను. దొరికినవాడు తన పేరును ఇతరునకు కిరాయికిచ్చుటయు గలదు. 1988లో క్రొత్త చట్టము వచ్చి, 1989 జూలై 1 నుండి అమలైనది. దానితో సరుకు బండి పర్మిట్టు సులభమైనది. కాగితములు సరిగా నున్నచో ఏన్కూరు రైతు కొడుకునకును దొరకును, 5 సంవత్సరములు చెల్లును. సరుకుతో సహా 3,000 కిలోలు మించని చిన్న బండికి అసలు పర్మిట్టే అక్కరలేదు. కావున నేటి దినమున పరుల పేరు చాటున బండి నడుపుటకు కారణము కానరాదు.

మన ప్రాంతమునకు మరియొక చిక్కు గలదు. 2014 జూన్ 2 నుండి ఆంధ్రప్రదేశము వేరు రాష్ట్రమైనది. ఆ సంవత్సరమే చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆవలి రాష్ట్రమున చేరినవి. పూర్వము మన జిల్లాలోనే తిరిగిన బండి నేడు ఎల్ల దాటుచున్నది. సత్తుపల్లి దాటి విజయవాడ పోవలెనన్న రాష్ట్రములోపలి పర్మిట్టు మాత్రము చాలదు. 2010లో జాతీయ పర్మిట్టు విధానము మారి, రాష్ట్రము రాష్ట్రమునకు వేరుగా రుసుము కట్టు బాధ తప్పినది. సాలునకు 16,500 రూపాయల రుసుముతో దేశమంతట తిరుగవచ్చును. అయితే ఒక్క నియమము మరువరాదు. జాతీయ పర్మిట్టు బండి పరరాష్ట్రములో ఒక ఊర సరుకెత్తి అదే రాష్ట్రములో మరియొక ఊర దింపరాదు. విజయవాడలో ఎత్తి గుంటూరులో దింపెదనన్న కుదరదు. మరలివచ్చునప్పుడు మన వైపు సరుకే వెదకుకొనవలెను. స్వతంత్రముగా నడుపువానికి ఖాళీ తిరుగుడు ఇందువలననే ఎక్కువగును.

ఇక లెక్కకు వచ్చెదను. ఇవి నేను లెక్క కొరకు ఊహించిన అంకెలు గాని ఎవరి ఖాతాలోనివియు గావు. ఒక తిరుగుడు కిరాయి 30,000 అనుకొందము. డీజిలు, టోలు, బత్తా కలిసి దారి ఖర్చు 22,000. కంపెనీ నూటికి పది పట్టుకొని 27,000 ఇచ్చును, నెలకు 8 తిరుగుళ్ళు చూపును. మిగులు 40,000. స్వతంత్రుడు బ్రోకరునకు 1,500 ఇచ్చి 28,500 తెచ్చుకొనును. కాని సరుకు కొరకు దినములు కాచుకొనుటచే నెలకు 6 తిరుగుళ్ళే యగును. మిగులు 39,000. కిస్తీ 28,000 కట్టిన పిదప ఒకనికి 12,000, ఒకనికి 11,000. టైర్లు, భీమా, మరమ్మతు ఇందులోనివే. లాభము సమానముగనే యున్నది గదా! భేదము డబ్బు చేతికి వచ్చు దినములో నున్నది. బ్రోకరు ద్వారా పోవువాడు సరుకెత్తిన నాడే కిరాయిలో అధిక భాగము అడ్వాన్సుగా పుచ్చుకొనును. కంపెనీ నెలన్నరకు చెల్లించినచో, మొదటి రూపాయి చేతికి వచ్చులోపల 12 తిరుగుళ్ళ ఖర్చు, అనగా 2,64,000 రూపాయలు, యజమాని తన యింటి నుండి పెట్టవలెను. బీద యజమాని గొప్ప కంపెనీకి వడ్డీ లేని అప్పు ఇచ్చుచున్నాడన్నమాట. కమీషను ఎంత యని అందరును అడుగుదురు. ఎన్ని దినములకు చెల్లింతురని అడుగువారు అరుదు.

అమెరికా దేశమున ఈ ప్రశ్న చాల కాలముగా నున్నది. అచట 1935 చట్టము ప్రకారము సరుకు మోయుటకు ప్రభుత్వాధికారము పొందుట కష్టము. 1980 చట్టము ఆ ద్వారము తెరచెను గాని, స్వతంత్రుడు సామాన్య సరుకునకు సయితము కనీసము 7,50,000 డాలర్ల భీమా చూపవలెను. అందుచేత అనేకులు లారీని కంపెనీకి లీజుకిత్తురు. ఆ లీజు వ్రాతపూర్వకముగా నుండవలెననియు, కాగితములు అందిన 15 దినములలో కిరాయి చెల్లింపవలెననియు అచటి నిబంధన. లీజు కాలములో బండి మీది బాధ్యత కంపెనీ మోయును. మనకు అట్టి నిబంధన లేదు. ఒప్పందములో వ్రాసికొన్నదే మనకు దిక్కు. నా చుట్టములలో ఒకని బండికి ఒక గుత్తేదారు సరుకు తరుగు పేరిట మూడు నెలల కిరాయి ఆపివేసెను. ఎత్తునప్పటి కాటా చీటీ గాని, ఒప్పంద పత్రము గాని లేకపోవుటచే అతడు అడుగుటకు దారియే లేకపోయెను.

ప్రమాదము జరిగినప్పుడు ఎవరి ఇల్లు కదలునో చూడుడు. రిజిస్ట్రేషను పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమానియని, బండి చేతులు మారినను పేరు మారనంతవరకు పరిహార భారము వారిదేయని, సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అదే సంవత్సరము మరియొక తీర్పులో, పర్మిట్టు లేని లారీ ప్రమాదము చేసినచో భీమా కంపెనీ బాధితునకు చెల్లించి ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని నిర్ణయించినది. సాలుసాలుకు భీమా కట్టినను, పర్మిట్టు గడువు తప్పిన ఒక్క దినమున రెండెకరములు పోవచ్చును. కంపెనీ గుమాస్తా చూచుకొనునని ఊరకుండరాదు.

అడవి అంచున నున్న మనకు వేరొక భయమును గలదు. అనుమతి లేని టేకు దుంగలు దొరికినచో అటవీ చట్టము క్రింద కలపతో పాటు లారీని సయితము జప్తు చేయుదురు. తనకు తెలియకుండ జరిగినదనియు, తగిన జాగ్రత్తలన్నియు తీసికొన్నాననియు యజమానియే రుజువు చేసికొనవలెను. బండిని పరుల చేతికిచ్చి డ్రైవరును కూడ వారినే పెట్టుకొమ్మన్నవానికి ఈ రుజువు దుర్లభము. అధిక బరువు సంగతియు నిట్టిదే. 2018లో రెండిరుసుల లారీకి మొత్తము బరువు 18.5 టన్నుల వరకు పెంచిరి. అది మించినచో 2019 సవరణ ప్రకారము 20,000 రూపాయలును, ఎక్కువైన ప్రతి టన్నునకు 2,000 చొప్పునను జరిమానా. సరుకు ఎత్తించునది కంపెనీ, పట్టుబడునది మన బండి. ఆ జరిమానా ఎవరిదో ముందుగనే పత్రములో వ్రాయించుకొనవలెను.

ఒక్క పనినే నమ్ముకొన్నచో నేమగునో సత్తుపల్లి బొగ్గు చెప్పును. అచటి ఓపెన్‌కాస్టు గని నుండి కొత్తగూడెము వైపునకు బొగ్గు లారీల మీద పోవుచుండెను. ఆ దారి పొడవునను టైర్ల అంగళ్ళు, హోటళ్ళు, మరమ్మతు షెడ్లు దాని మీద బ్రదికినవి. 2022 నవంబరు 12న భద్రాచలం రోడ్డు నుండి సత్తుపల్లి వరకు సుమారు 54 కిలోమీటర్ల రైలుమార్గమును జాతికి అంకితము చేసిరి. రైలు వచ్చుట ఊళ్ళకు మేలే. దుమ్ము తగ్గినది, ప్రమాదములు తగ్గును. కాని గుత్తేదారు పని తగ్గిన నాడు కిస్తీ తగ్గదు. హిమాచల ప్రదేశమున లారీ యజమానుల సంఘములు మిక్కిలి బలమైనవి. అయినను 2022 డిసెంబరులో కిరాయి తగవు వచ్చి అచటి రెండు సిమెంటు కార్ఖానాలు 67 దినములు మూతపడగా, వేలకొలది లారీలు నిలిచిపోయినవి. తుదకు 2023 ఫిబ్రవరిలో రాజీ కుదిరినది.

నా అభిప్రాయము దాచను. చేతిలో ఆరు నెలల కిస్తీ సొమ్ము లేనివాడు మొదటి రెండేండ్లు కంపెనీ పని చేయుటయే క్షేమము. స్వతంత్రుడనను పేరు కొరకు ఖమ్మము మిర్చి మార్కెట్టు గేటు వద్ద నాలుగు దినములు పడిగాపులు పడుట గొప్పతనము కాదు. అయితే రిజిస్ట్రేషను, పర్మిట్టు, భీమా మూడును తన పేరనే యుండవలెను. నెలకు కనీసము ఎన్ని తిరుగుళ్ళు ఇత్తురో, ఎన్నవ దినమున చెల్లింతురో, ఎన్ని దినముల నోటీసుతో విడిపోవచ్చునో పత్రమున నుండవలెను. ఈ లోపల సరుకు దింపు చోట్ల నలుగురు వర్తకుల పరిచయము సంపాదించి, వారిలో ఇద్దరైనను తప్పక సరుకు ఇచ్చువారైనప్పుడు స్వతంత్రము పుచ్చుకొనవచ్చును. అప్పుడును తానే రసీదులిచ్చి పలువురి సరుకు కూర్చి పంపు వ్యాపారము చేయదలచినచో, 2007 నాటి రోడ్డు రవాణా చట్టము క్రింద వేరుగా నమోదు కావలెను. ఆ చట్టము 2011 నుండి అమలులో నున్నది. బండిని మాత్రము కిరాయికి త్రిప్పువానికి ఆ నమోదుతో పని లేదు.

అప్పు తీరిన పిదప చేయవలసిన పని యొకటి గలదు. ఫైనాన్సు వారి సంతకముతో 35వ నంబరు ఫారము రెండు ప్రతులు పుచ్చుకొని రవాణా కార్యాలయమున దాఖలు చేసి, రిజిస్ట్రేషను పుస్తకములో వారి పేరు కొట్టివేయించుకొనవలెను. కడపటి కిస్తీ కట్టిన వారములోనే ఈ పని చేయించుడు. ఆ పేరున్నంత కాలము బండిని అమ్మదలచినను వారి ఒప్పుదల కావలసివచ్చును.