స్వర్ణ వరి తెలిపిన సంగతి

వీరపునాయునిపల్లె ప్రాంతమున పత్తి విత్తు రైతు విత్తనపు పొట్లము కొనునప్పుడు పేరు చూచును, ధర అడుగును. ఆ విత్తనము ఏ పరీక్షలకు నిలిచినదని అడుగుట అరుదు. ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో మన రాష్ట్రమున పుట్టిన ఒక వరి రకము చక్కగా తెలుపుచున్నది.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా స్థానము 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 రకమే స్వర్ణ. పాలిష్ పట్టిన బియ్యములో ‘ఎ’ విటమిన్‌కు మూలమైన బీటా కెరోటిన్ ఉండదు. దానిని గింజలో పుట్టించుటకై మొక్కజొన్న నుండి ఒక జన్యువును, ఒక సూక్ష్మజీవి నుండి మరొక జన్యువును వరిలో చేర్చి శాస్త్రజ్ఞులు ‘గోల్డెన్ రైస్’ను తయారు చేసిరి. అందు జి.ఆర్.2-ఆర్.1 అను దానిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు స్వర్ణతో పలుమార్లు సంకరపరచి, ఫలితములను 2017లో ప్రకటించిరి. గింజకు పసుపు రంగు వచ్చినది. కాని పైరు గిడసబారినది, ఆకులు పాలిపోయినవి, వెన్నులు చిన్నవై దిగుబడి బాగుగా తగ్గినది.

దీనికి రెండు కారణములు కనబడినవి. మొదటిది, చేర్చిన జన్యువులు వరి యొక్క సొంత జన్యువు ఒకదాని నడుమ పడి దానిని చెరచినవి. ఆ జన్యువు పెరుగుదలకు కావలసిన ఆక్సిన్‌ను మొక్కలో చేరవేయుటకు తోడ్పడునది. రెండవది, గింజలో మాత్రమే పనిచేయవలసిన జన్యువులు ఆకులలో కూడ పనిచేసినవి. మొక్కలో బీటా కెరోటిన్, పత్రహరితము, కాడను పొడిగించు జిబ్బరెల్లిన్ ఒకే ముడిపదార్థము నుండి తయారగును. ఒకే పిల్లకాలువ క్రింద మొదటి మడి నీరంతయు లాగుకొనినచో చివరి మడి ఎండును గదా! ఇక్కడ జరిగినదియు అదియే.

అయితే జన్యుమార్పిడి యంతయు చెడ్డదని దీని అర్థము కాదు. జన్యువులు మరొక చోట ఇమిడిన జి.ఆర్.2ఇ అను దానిలో ఈ దోషము కనబడలేదు. పాత పద్ధతిలో సంకరము చేసినను ఇట్టి చిక్కు రావచ్చును. అమెరికాలో 1967లో విడుదలైన లెనాపీ అను బంగాళాదుంప సాధారణ సంకరము వలన పుట్టినదే. దానిలో సొలనిన్ వంటి విషపదార్థములు హెచ్చుగా నున్నట్లు తేలగా 1970లో దానిని ఉపసంహరించిరి. కావున పద్ధతి ఏదైనను పరీక్షయే ప్రధానము.

మన దేశమున బి.టి. పత్తికి 2002లో అనుమతి లభించినది. పత్తి గింజలో గాసిపాల్ అను విషపదార్థము సహజముగనే కలదు. పత్తి చెక్కను మన పశువులు తినును. నూనెను మనము వాడుదుము. అందుచేతనే అనుమతికి ముందు గింజలోని పదార్థములను కొలిచి, పశువులకు మేపి చూచిరి. కలుపుమందును తట్టుకొనునను పేరిట చాటున అమ్ము పత్తి విత్తనమునకు ఇట్టి అనుమతి లేదు. దాని గింజ తప్పక చెడ్డదని చెప్పజాలము. మంచిదని పూచీపడువారును లేరు. పంట దెబ్బతిన్నచో నష్టపరిహార మడుగుటకు చేతిలో ఆధారమును ఉండదు.

కావున రైతు సోదరులు ఈ క్రింది విషయములు పాటింపవలెను:

1. లైసెన్సు గల దుకాణములోనే కొని, రకము పేరు, లాటు నంబరు గల రశీదు తీసుకొనవలెను.

2. పంట చేతికి వచ్చువరకు ఖాళీ పొట్లమును, రశీదును, కొంత విత్తనమును భద్రపరచవలెను.

3. పైరు గిడసబారినను, ఆకులు వింతగా మారినను వెంటనే వ్యవసాయాధికారికి తెలుపవలెను. తెగులు, ధాతు లోపము కూడ ఇట్లే కనబడవచ్చును గనుక స్వయముగా మందు చల్లరాదు.

గ్రామాధికారులు విత్తు కాలమునకు ముందే ఈ సంగతులను రచ్చబండ వద్ద చదివి వినిపించినచో మేలు. పొట్లము మీది బొమ్మ పంట నీయదు. పరీక్షకు నిలిచిన విత్తనమే ఇచ్చును.