పెళ్ళి పాటల ఎంపిక – స్టూడియోకు వెళ్ళే ముందు

సరిహద్దు గ్రామాల పెళ్ళిళ్ళలో తెలుగు పాట ఎక్కువగా పెద్దల గొంతులోనే నిలిచి ఉంది. తమిళనాడు పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చింది. ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి ఎరుగని పిల్లలు ఈ ప్రాంతంలో కనిపిస్తారు. చదివేవారు లేనప్పుడు పాటను నోటు పుస్తకంలో వ్రాసిపెట్టినా ఫలితం స్వల్పమే. కనుక పెళ్ళి నిమిత్తం స్టూడియోకు వెళ్ళే కుటుంబం సినిమా పాటల కంటే ముందు అమ్మమ్మ, నాయనమ్మల పాటలను రికార్డు చేయించుకోవడం మేలు.

తిరువొత్తియూరులో తెలుగు పాట

ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు ఇందుకు చక్కని ఉదాహరణ. త్యాగరాజస్వామి (1767–1847) ఇక్కడి అమ్మవారైన త్రిపురసుందరిపై అయిదు కీర్తనలు రచించారు. అవన్నీ తెలుగులోనివే. ఆయన శిష్యులు వీణ కుప్పయ్యరు ఈ ఊరివారు. కాళహస్తీశునిపై పంచరత్నం కూర్చినది వీరే. సుందరమూర్తి నాయనారు సంగిలి నాచ్చియారును పరిణయమాడిన క్షేత్రం కూడా ఇదే. తమిళ నేలపై తెలుగు కీర్తన నిలిచినది గురువు నుండి శిష్యుడు విని నేర్చినందువలననే. ఇంటి పాటకూ అదే మార్గం.

ఏది ప్రత్యక్షంగా, ఏది రికార్డుగా?

మాంగల్యధారణ వేళ గట్టిమేళం ప్రత్యక్షంగానే ఉండాలి. పురోహితుని సంజ్ఞ ఏ క్షణాన వస్తుందో రికార్డుకు తెలియదు. ఎదురుకోలు, తలంబ్రాలు, ఊయల, హారతి, అప్పగింతల పాటలను మాత్రం ముందుగా రికార్డు చేయించవచ్చు. అయిదారు పాటలు చాలును. త్యాగరాజస్వామి ‘సీతాకల్యాణ వైభోగమే’ వంటి పాటను ఇంటిల్లిపాదీ కలిసి పాడవచ్చు.

పాత కీర్తనలకు, జానపద పాటలకు రచన హక్కుల చిక్కు లేదు. అయితే మరొకరు పాడిన క్యాసెట్టును, సీడీని అనుమతి లేకుండా నకలు చేయరాదు. పెళ్ళి వేడుకలో పాట వినిపించడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. సినిమా పాటను తిరిగి పాడి ఇంటర్నెట్‌లో ఉంచడం వేరు విషయం. దానికి అనుమతి కావాలి.

శ్రుతి, సాధన

సాధారణంగా స్త్రీలకు అయిదు, పురుషులకు ఒకటి శ్రుతి అనుకూలమంటారు. వయసు పైబడిన గొంతుకు అంతకంటే తగ్గించవలసి ఉంటుంది. పాటలోని అతి పై స్వరం, అతి క్రింది స్వరం రెండూ సులువుగా పలికే శ్రుతిని ఇంటివద్దనే శ్రుతిపెట్టెతో నిర్ణయించుకోవాలి. సెల్‌ఫోనులో ఒకసారి రికార్డు చేసి వింటే, ఊపిరి ఎక్కడ చాలడం లేదో తెలుస్తుంది. చరణాల వరుసను పెద్ద అక్షరాలతో వ్రాసుకోవాలి. తెలుగు చదవలేని పిల్లలు తమిళ లిపిలో వ్రాసుకున్నా తప్పు లేదు.

స్టూడియోలో

అద్దె గంటల లెక్కనా, పాట లెక్కనా అన్నది ముందే అడగాలి. గాజులు, పట్టుచీర గరగరలు, కాగితం చప్పుడు మైకులో పడతాయి. కనుక నూలు చీర, తక్కువ నగలు మంచివి. మైకుకు జానెడు దూరంలో నిలబడాలి. చల్లని నీరు బదులు గోరువెచ్చని నీరు త్రాగాలి.

పెద్దవారి పాటను తొలుత శ్రుతితో మాత్రమే, వారి నడకలోనే పాడించాలి. తాళం యంత్రానికి వారిని కట్టివేస్తే పాటలోని సాగదీత, విరుపు పోతాయి. వాద్యాలను తరువాత ఆ గొంతును అనుసరించి చేర్చమని కోరవచ్చు.

పని ముగిశాక ఎంపీ3తో సరిపెట్టుకోరాదు. వేవ్ ఫైలును, వాద్యాలు చేర్చని గొంతు ఫైలును కూడా విడిగా అడిగి, రెండు చోట్ల భద్రపరచాలి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఏ తంతుకు చెందినదో ఫైలుతోపాటు వ్రాసి ఉంచాలి. మనుమరాలి పెళ్ళినాటికి ఆ పాటను విని నేర్చుకొనేవారికి ఆ నాలుగు వివరాలే దారి చూపుతాయి.