బుల్లెట్టు ఇంజను విప్పబోయే ముందు

కలెక్టరు కాయ చివరి లారీ వెళ్లిపోయాక నూజివీడు వైపు మామిడి రైతుకు కాస్త తీరిక చిక్కుతుంది. తోట దున్నించుకోవాలి, ఎండుకొమ్మలు కొట్టించుకోవాలి, అంతే. పూత మందుల హడావుడి మళ్లీ డిసెంబరు నాటికి గాని మొదలవదు. షెడ్డులో బస్తాల వెనకున్న పాత బుల్లెట్టు మీద చూపు పడేది ఆ తీరికలోనే. నాకూ అలాగే పడింది. నాన్న తోటకు తిప్పిన 350, 1984 మోడలు. పదేళ్లుగా మూలనుంది. కిక్కు రాడ్డు మీద నిలబడినా దిగేది కాదు.

వింటేజి బండి అని స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకున్నాను గాని చట్టం ఒప్పుకోదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటితేనే వింటేజి. రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు కట్టాలి, కట్టాక మామూలుగా రోజూ నడపకూడదు. ఆ లెక్కన 2034 దాకా నాది ఉత్త పాత బండి. అదే మేలు.

కొత్తగా చెయ్యి పెట్టేవాడికి ఈ ఇంజను మంచి బడి. 1955లో మద్రాసు మోటార్స్ వాళ్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తిరువొత్తియూరులో మొదలైన ఆ పోత ఇనుప సిలిండరు ఇంజను ఐదు దశాబ్దాలు పెద్దగా మారకుండా వచ్చింది. అంచేత సామాను ఇప్పటికీ దొరుకుతుంది. దొరికేదంతా నికార్సయిన సరుకని మాత్రం అనుకోవద్దు. ఉన్నది ఒకటే సిలిండరు. బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టను కింది నుంచి పైకి నడిచే దూరం 90. లెక్క కడితే 346 సీసీ వస్తుంది. 350 అన్నది ముద్దుపేరు.

ఇంజను పట్టేసిందనగానే అందరి చెయ్యీ సుత్తి మీదకు పోతుంది. పోనివ్వకూడదు. ప్లగ్గు విప్పి, ఆ కంతలోంచి డీజిలూ కాస్త ఇంజనాయిలూ కలిపి పోసి, వారం రోజులు దాని మొహం చూడకుండా ఉండాలి. తర్వాత స్టాండు వేసి, టాపు గేరులో పెట్టి, వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాలి. నాది తొమ్మిదో రోజున కదిలింది. కదిలింది కదా అని కిక్కు కొట్టడానికి లేదు. రింగులకూ సిలిండరు గోడకూ మధ్య పట్టిన తుప్పు ఇంకా అక్కడే ఉంటుంది. దానితోనే నాలుగు చుట్లు తిప్పితే గోడ నిండా గీతలు పడతాయి.

"ఇంజను మొత్తం దించెయ్యరా" అనేవాళ్లకు ఊళ్లో కొదవ లేదు. నేను దించొద్దంటాను. హెడ్డూ సిలిండరూ ఊడదీయడానికి బుల్లెట్టులో ఇంజను ఫ్రేములో ఉన్నా అడ్డం లేదు. పై సగం విప్పి, కింది సగం సంగతి కనుక్కుని, అది నిజంగా చెడిందని తేలితేనే దించాలి. కనుక్కునే పద్ధతి ఇదీ: కనెక్టింగు రాడ్డును పై కొసకు తెచ్చి రెండు చేతులా పట్టుకుని సూటిగా పైకి లాగి, కిందికి నొక్కాలి. పక్కకు కాస్త ఊగితే ఫరవాలేదు. పైకీ కిందికీ టక్కుమని ఆడిందంటే బిగ్ ఎండు పోయినట్టే. అప్పుడిక క్రాంకు విడదీయాలి, మళ్లీ బిగించాక రెండు ఫ్లైవీళ్లూ వంకర లేకుండా తిరుగుతున్నాయో లేదో డయల్ గేజితో చూసి సరిచేయాలి. అది ప్రెస్సు ఉన్న మేస్త్రి పని. యూట్యూబు చూసి నేర్చుకునేది కాదు. నా రాడ్డు ఆడలేదు. నాన్న ఆయిలు మార్చిన తేదీలు గోడ క్యాలెండరు మీద రాసుకునేవారు.

పిస్టను పిన్ను తీసేముందు కింద నోటికి గుడ్డ కుక్కాలి. సర్‌క్లిప్పు ఎగిరి లోపల పడితే, దించొద్దని నేనెంత మొత్తుకున్నా ఇంజను దించక తప్పదు.

ఇక సిలిండరు. పై అంచు కింద గోటితో రాస్తే మెట్టు తగిలింది. మెట్టుకు పైన రింగు ఎప్పుడూ తాకదు, కాబట్టి అక్కడ అరగదు. మెట్టు కిందే అరుగుదల ఎక్కువ. మంట ఒత్తిడి రింగును గోడకేసి నొక్కేదీ, ఆయిలు పొర పలచబడేదీ అక్కడే. గోరు అరిగిందని చెబుతుంది గాని ఎంత అరిగిందో చెప్పదు. బోరు గేజితో పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలవాలి. ఒక్కోచోట ముందు నుంచి వెనక్కి ఒకసారి, ఎడమ నుంచి కుడికి ఒకసారి. పిస్టను ముందు వెనక గోడలనే ఎక్కువ తోస్తుంది కాబట్టి గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డవుతుంది. మా బండి విషయంలో ఇంకో పుణ్యాత్ముడి చెయ్యి కూడా ఉంది. సౌండు బాగుంటుందని ఎవరో ఎయిర్ ఫిల్టరు పీకేశారు. తోటల్లో ఎర్రదుమ్ము పెట్రోలుతో పాటు లోపలికెళ్లి గ్రైండింగు పేస్టు పని చేసింది. సౌండు బాగానే ఉండేది.

సిలిండరు సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను.

"ఇరవై కొట్టాలి బాబాయ్."

"పిస్టనేదబ్బాయ్?"

"ఇంకా కొనలేదండి."

"మరి చొక్కా ఎవరి ఒంటికి కుట్టమంటావు?"

ఆ మాటలోనే పాఠమంతా ఉంది. ఇరవై, నలభై, అరవై అంటే అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. ఇరవై అంటే సుమారు అర మిల్లీమీటరు. వేడికి అల్యూమినియం పిస్టను ఇనుప గోడకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఆ సాగుడుకు చోటు వదలాలి. వదిలింది తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే టకటకలాడుతుంది, ఆయిలు తింటుంది. అందుకే ముందు పిస్టను కొని, దాన్ని కొలిచి, దాని ఒంటికి తగ్గట్టు బోరు కొట్టాలి. నలభైకి పోతే బోరు 71, ఇంజను 356 సీసీ అవుతుంది. పది సీసీలు ఉచితమని ఆశపడొద్దు. ఇరవైతో గోడ శుభ్రపడితే అక్కడే ఆగాలి. మిగిలిన మందం ముందు ముందు చేయించాల్సిన బోర్లకు పనికొస్తుంది.

ఇంటికొచ్చాక రింగులు. ఒక్కో రింగునీ సిలిండరులో పెట్టి, పిస్టను తలతో నిటారుగా కిందికి నెట్టి, కొసల మధ్య సందును ఫిల్లరు గేజితో చూడాలి. బోరులో వెయ్యింట నాలుగు వంతులు పాత లెక్క. అంటే 0.28 మిల్లీమీటర్ల దగ్గర. అంతకన్నా తక్కువుంటే వేడికి కొసలు ఢీకొని రింగు విరుగుతుంది. ఆకురాయితో నెమ్మదిగా అరగదీయాలి. వాల్వులది పేస్టు వేసి తిప్పే పని. కిరసనాయిలు పోసి చూస్తే చుక్క కారకూడదు.

టైమింగు కవరు తీయాల్సివచ్చిన వాళ్లకు ఒక్క మాట. క్రాంకు కొసన ఆయిలు పంపులను తిప్పే వర్ముది రివర్సు మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియక ఇంకాస్త బలం పెట్టేవాళ్లే ఎక్కువ.

బిగించేటప్పుడు తొందరపడితే మళ్లీ విప్పుకోవాలి. ఇంజను చల్లగా, పిస్టను కంప్రెషనులో పై అంచున ఉండగా పుష్‌రాడ్లు వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పిస్టను పై అంచుకు 0.8 మిల్లీమీటర్ల దూరంలో ఉండగా అవి విడిపోవడం మొదలవ్వాలి. సిగరెట్టు పెట్టెలో పలచ కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి లాగుతూ ఉంటే అది జారే క్షణమే లెక్క. నాకు సిగరెట్టు అలవాటు లేదు. కాగితం కోసం ఒక పెట్టె కొంటే కిళ్లీకొట్టు వాడు మా ఇంట్లో చెప్పేశాడు.

పద్నాలుగో కిక్కుకు పలికింది. హెడ్డు మీదికి పోయే సన్నపైపు బోల్టు కాస్త వదులు చేసి, ఆయిలు పైదాకా వస్తోందని చూసుకున్నాకే కుదుటపడ్డాను. మూడు రోజులకు హెడ్డు నట్లు చల్లారాక మళ్లీ బిగించాను. మొదటి ఆయిలు దింపితే అడుగున వెండిరంగు మెరుపు కనబడింది. కొత్త రింగులూ కొత్త గోడా ఒకదానికొకటి సర్దుకున్న ఆనవాలది. రెండోసారి మెరుపు తగ్గింది. ఈలోగా పూత మందుల రోజులొచ్చాయి. తోటకు దాని మీదే వెళ్తున్నాను, ఎయిర్ ఫిల్టరు పెట్టించాను, యాభై దాటనివ్వను. వెనక నుంచి స్కూటీలు హారను కొట్టుకుంటూ దాటిపోతున్నాయి.